నా మెట్లకు వచ్చిన టేపు ఆ కారు దగ్గరికి ఎందుకు పోలేదు?

ప్రశ్న: హైదరాబాదులో ఒక పెద్ద రోడ్డు పక్కన పందొమ్మిదేళ్లుగా టిఫిన్ సెంటర్ నడుపుకుంటున్న పాఠకుడొకరు మాకు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. ఆయన పాలమూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. పేరు, వీధి, ఠాణా ఏవీ బయటపెట్టవద్దని కోరారు. ఈ సమాధానాన్ని ముందుగా ఆయనకు పోస్టులో పంపి, చాలాకాలం ఆగి, అచ్చు వేసుకోవచ్చని ఆయన చెప్పిన తరువాతే ప్రచురిస్తున్నాము. చివరికి ఆయన ఏం చేశారో మేము అడగలేదు.

ప్రమాదం జరిగింది తెల్లవారుజామున నాలుగున్నర దాటాక. ఆయన మొదటి వాయి ఇడ్లీ ఎక్కించి, రోడ్డు ఊడ్చే ఆడవాళ్ళ కోసం చాయ్ మరిగిస్తున్నారు. "రోజూ వాళ్ళదే నాకు బోణీ" అని రాశారు. వారిలో ఒకామె, కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు, డివైడరు పక్కన చెత్త కుప్ప చేస్తుండగా వెనుక నుంచి వచ్చిన కారు గుద్ది ఎగరేసింది. ఆమె ఒంటి మీద మెరిసే జాకెట్ ఉంది. చేతిలోని చీపురు వచ్చి ఈయన గడప ముందు పడింది. ఈయనే పరుగెత్తి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని 108కి ఫోన్ చేశారు. డ్రైవరు సీటులోంచి తూలుతూ దిగిన కుర్రవాడి దగ్గర మందు వాసన వచ్చింది. అతనెవరో పోల్చుకోవడానికి కష్టపడనక్కరలేకపోయింది, ఎందుకంటే అతని పుట్టినరోజు ఫ్లెక్సీ రెండు నెలలుగా ఆ సందు మలుపులోనే వేలాడుతోంది. తండ్రి ఆ ప్రాంతపు ప్రజాప్రతినిధి. పావుగంటలో ఇంకో బండి వచ్చి కుర్రవాడిని తీసుకుపోయింది. మూడో రోజు ఆమె ఆసుపత్రిలో చనిపోయింది. ఎఫ్ఐఆర్‌లో మాత్రం ఆ ఇంట్లో పనిచేసే యాభై రెండేళ్ల డ్రైవరు పేరుంది.

కానిస్టేబుల్ వచ్చి కెమెరా సంగతి అడిగినప్పుడు ఈయన "పనిచేస్తలేదు సార్" అన్నారు. కాని అది పనిచేస్తోంది. ఆ రాత్రే కూతురు తెర మీద ఆడుతున్న దృశ్యాన్ని ఫోన్‌తో తీసి పెన్ డ్రైవ్‌లో వేసింది. తరువాత ఒక సాయంత్రం నాయకుడి మనిషి ఒకడు వచ్చి ఒక ప్లేటు ఇడ్లీ తిన్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి డబ్బులిచ్చాడు. లేస్తూ, "అన్నా, నీ మెట్లు ఫుట్‌పాత్ మీదికొచ్చినయి గదా, జర చూసుకో" అన్నాడు. మర్నాడు మున్సిపాలిటీ నుంచి ఇద్దరు టేపుతో వచ్చి మెట్లు కొలిచి ఫోటోలు తీసుకున్నారు. చనిపోయినామె భర్తతో ఆరు లక్షలకు మాట నడుస్తోంది. ఈయన భార్య నోరు మెదపవద్దంటోంది, కూతురు వీడియో ఇచ్చేయమంటోంది.

"చట్టం ముందు అందరూ సమానమని మా పాప పుస్తకంలో ఉంది. నా మెట్ల దగ్గరికి టేపు ఒక్క రోజులో వచ్చింది, ఆ కారు దగ్గరికి తొమ్మిది రోజులైనా పోలేదు. పెద్దవాళ్ళకు చట్టంలోనే ఏదన్నా మినహాయింపు ఉంటే చెప్పండి, నోరు మూసుకుని ఇడ్లీలు వేసుకుంటాను. లేదంటే నేనేం చేయాలో చెప్పండి."

సమాధానం: మీ ఉత్తరం అందిన సాయంత్రమే ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాము, కెమెరా దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్ పెట్టె ప్లగ్ తీసేయమని. పదిహేను రోజులు నిండితే పాత రికార్డు మీద కొత్తది తనంతట తానే ఎక్కుతుంది. అప్పుడు ఎవరూ చెరపకుండానే సాక్ష్యం చెరిగిపోతుంది. తీశానన్నారు కనుక మిగిలిన సంగతులు తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మినహాయింపు సంగతి ముందు చెబుతాను, అది చిన్నది. రాజ్యాంగం 361వ అధికరణం రాష్ట్రపతికీ గవర్నర్లకూ, వారు పదవిలో ఉన్నంత కాలం, క్రిమినల్ కేసుల నుంచి రక్షణ ఇస్తుంది. ప్రధానమంత్రికి అది లేదు, ముఖ్యమంత్రికీ లేదు. చట్టసభల సభ్యులకు సభలో మాట్లాడిన మాటకూ వేసిన ఓటుకూ రక్షణ ఉంది గాని, ఆ ఓటుకు లంచం పుచ్చుకుంటే అది వర్తించదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. సమావేశాల రోజుల్లో సివిల్ దావాలలో వారిని అరెస్టు చేయరాదన్న వెసులుబాటు ఒకటుంది. క్రిమినల్ కేసులో అదీ లేదు. మన నగరంలోనే, స్వాతంత్ర్యం వచ్చాక కూడా, మాజీ పాలకుడైన నిజాం మీద సివిల్ దావా వేయాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావలసి వచ్చేది. మాజీ రాజుల గుర్తింపే 1971లో 26వ సవరణతో రద్దయింది. ఇక ఆ కుర్రవాడి విషయానికి వస్తే, తండ్రికే లేని రక్షణ కొడుక్కి ఎక్కడి నుంచి వస్తుంది? పదవి తండ్రిది. కొడుక్కి ఉన్నవి ఒక కారు, ఒక ఫ్లెక్సీ.

అయినా మీరు కళ్ళారా చూసినది అబద్ధం కాదు. చట్టంలో మినహాయింపు రాసిలేదు కనుకనే దాన్ని కావలసినవారు ప్రతిసారీ కూడబెట్టుకోవలసి వస్తుంది, అదీ చిన్న చిన్న పనులతో: తెల్లవారేలోగా ఇంకొకరి పేరు రాయించడం, ఆసుపత్రిలో అడగవలసిన ప్రశ్న అడగకపోవడం, ఒక సాక్షికి అతని మెట్లు గుర్తుచేయడం. డ్రైవరును మార్చడంలో అన్నిటికన్నా పెద్ద లాభం ఒకటుంది. అసలు నడిపినవాడికి రక్తపరీక్ష తప్పిపోతుంది. పేరు ఎప్పటికైనా దిద్దవచ్చు, ఒంట్లోంచి దిగిపోయిన మత్తును మళ్ళీ పట్టుకోలేరు. ఆ లాభం వారికి దక్కిపోయింది. మిగిలింది మీ కళ్ళు, మీ ముక్కు, మీ డీవీఆర్. మీ ఉత్తరంలో నన్ను కొంచెం ఇబ్బంది పెట్టిన వాక్యం ఒకటుంది, చెప్పకపోతే బాగుండదు: ఆ మినహాయింపు కట్టడానికి పేర్చిన ఇటుకల్లో "కెమెరా పనిచేస్తలేదు సార్" అన్న మీ మాట కూడా ఒకటి. భయపడి అన్నారు, మీ స్థానంలో నేనున్నా బహుశా అదే అనేవాణ్ణి. ఇంతవరకు మీరు దాచారు గాని చెరపలేదు, ఈ రెంటికీ చట్టంలో చాలా తేడా ఉంది. సాక్ష్యంగా పనికివచ్చే ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు అందకుండా నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం. ఈ గీత మాత్రం ఏ పరిస్థితిలోనూ దాటవద్దు, ఎవరు వచ్చి హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేయమన్నా సరే.

మెట్ల గురించి. ఇది మీకు రుచించకపోవచ్చు. 14వ అధికరణంలో చట్టం ముందు సమానత్వం, చట్టాల సమాన రక్షణ అని రెండు మాటలున్నాయి; వాటి బలంతో "పక్కవాడి మెట్లు తీయలేదు కనుక నావీ తీయకూడదు" అని వాదించడానికి వీల్లేదని కోర్టులు పదే పదే చెప్పాయి. తప్పులో సమానత్వం అడగలేము. మీ మెట్లు మూడడుగులు బయటికి ఉన్నాయని మీరే రాశారు. నోటీసు రాకముందే, ఈ వారమే, మేస్త్రీని పిలిచి వాటిని లోపలికి కట్టించుకోండి. ట్రేడ్ లైసెన్సు, ఆహార భద్రత రిజిస్ట్రేషను కాగితాలు తేదీ చూసి సరిచేసుకోండి. బయట వేసే రెండు టేబుళ్లు పోతాయి, పొద్దున పూట బేరం తగ్గుతుంది. ఖర్చే. కాని మీ మెడ మీద వారికి దొరికిన పట్టు ఆ మూడడుగులే. ఆ తరువాత కూడా వేధింపు ఆగకపోతే, అప్పుడు 14వ అధికరణం నిజంగా మీ చేతికి వస్తుంది, ఎందుకంటే తప్పు లేని మనిషిని సాక్ష్యం చెప్పనివ్వకుండా అధికారం వాడుతున్నారని హైకోర్టుకు చూపగలుగుతారు.

ఇక మీ ముందున్న దారులు. మౌనంగా ఉండిపోవడం ఒకటి. దాన్ని పిరికితనమని నేననను. పిల్ల ఇంటర్ చదువుతోంది, అద్దె కట్టాలి, రేపూ అదే వీధిలో పొయ్యి వెలిగించాలి. కాని అందులోనూ పూర్తి భద్రత లేదు. 2023 డిసెంబరులో మన బేగంపేటలో ప్రజాభవన్ ముందు బారికేడ్లను కారు గుద్దిన కేసులో, ఒక మాజీ ఎమ్మెల్యే కుమారుడికి బదులు వేరొకరిని డ్రైవరుగా చూపారన్న ఆరోపణ వచ్చింది, సీసీ కెమెరాల దృశ్యాలు మళ్ళీ చూశారు, ఠాణా ఇన్‌స్పెక్టరు సస్పెండయ్యారు. మీ రోడ్డు మీద మీదొక్కటే కెమెరా కాదు. ఎక్కడో ఒక దృశ్యం బయటపడితే, అందులో గాయపడినామె పక్కన కూర్చున్న మనిషి మీరే అవుతారు, అప్పుడు ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి. పైగా, భయపడతాడని తెలిసిన మనిషి దగ్గరికి ఆ ఇడ్లీ తిన్నాయన ఒక్కసారితో రావడం మానడు.

రెండోది, వీడియోను చనిపోయినామె కుటుంబానికి ఇవ్వడం. బాధితులుగా చట్టంలో వారికి మీకన్నా ఎక్కువ చోటుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు తొంభై రోజుల్లోగా వారికి తెలియజేయాలి. దర్యాప్తు సరిగా జరగడం లేదని వారు మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవచ్చు, ఛార్జిషీటులో తప్పుడు మనిషి ఉంటే అభ్యంతరం చెప్పవచ్చు. కాని ఒక చేదు సంగతి కూడా ఆలోచించండి. ఆరు లక్షల మాట నడుస్తున్న ఇంటికి ఆ పెన్ డ్రైవ్ చేరితే ఆరు పన్నెండు కావచ్చు, ఆ తరువాత అది ఎవరి జేబులోకి పోతుందో మీ చేతిలో ఉండదు. వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. నెల జీతం ఆగిపోయిన ఇల్లు అది. అయితే వారికి తెలియవలసిన విషయం ఒకటుంది, అది మీరు వీడియో ఊసెత్తకుండానే చెప్పవచ్చు: నష్టపరిహారం కోసం రాజీపడనక్కరలేదు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వారు విడిగా దావా వేయవచ్చు, చట్టం దానికి ఆరు నెలల గడువు పెట్టింది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన కేసు ఇంటి అరుగు మీద రాజీతో కొట్టివేసుకునే రకం కూడా కాదు. డబ్బు లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

మూడోది, మీరే ముందుకు రావడం. ఇది ఎంచుకుంటే ఎలా చేస్తారన్న దాని మీదే మీ క్షేమం ఆధారపడి ఉంటుంది. ఒంటరిగా ఠాణాకు పోవద్దు, పరిచయస్థుల సిఫారసుతోనూ పోవద్దు. ఒక వకీలును పెట్టుకుని, చూసినది చూసినట్టుగా, వాసన వచ్చిందన్నదాన్ని వాసన వచ్చిందనే, "తాగాడు" అని నిర్ధారించకుండా, రెండు పేజీలు రాయించండి. కెమెరా గురించి మొదట అబద్ధం చెప్పానని, ఎందుకు చెప్పానో, అందులోనే ఒప్పుకోండి. మీరు చెప్పకపోతే రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి వకీలు అదే పట్టుకుంటాడు. ఆ కాగితం దర్యాప్తు అధికారికి, ఆయన పైనున్న ఏసీపీకి, డీసీపీకి, కమిషనర్‌కు అందినట్టు రుజువు వచ్చేలా రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. ఒక బల్ల మీది కాగితం సొరుగులోకి పోవచ్చు, నాలుగు బల్లల మీదికి పోయిన కాగితాన్ని దాచడం కష్టం. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇస్తే మీ మాటకు బరువు పెరుగుతుంది గాని, సాక్షి తనంతట తాను నేరుగా వెళ్ళి అది ఇవ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. దర్యాప్తు అధికారే పంపాలి. అందుకే మీ అర్జీలో ఆ కోరిక కూడా రాయండి.

మీకు తెలియని ఒక సంగతి మీ పక్షాన ఉంది. గాయపడినామెను పట్టుకుని 108 పిలిచిన మీరు మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ ప్రకారం ఆపదలో సాయపడినవారు. అటువంటివారు తమంతట తాము సాక్ష్యం చెబుతామంటే, వారికి వీలైన చోట, ఇంట్లోనో పనిచేసే చోటో, పోలీసులు మఫ్టీలో వచ్చి వివరాలు తీసుకోవాలని 2020లో చేర్చిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఖాకీ మీ దుకాణం ముందు ఆగనక్కరలేదు. ఎవరో ఒక గిరాకీ వచ్చి మూలన కూర్చున్నట్టే ఉంటుంది.

డీవీఆర్ ఇచ్చేటప్పుడు చేతికిచ్చి పంపేయవద్దు. పాప ఫోన్‌తో తీసిన వీడియో మనకు అర్థం కావడానికి పనికివస్తుంది, కోర్టుకు కావలసింది అసలు హార్డ్ డిస్క్. దాన్ని తీసుకుంటున్నట్టు పంచనామా రాయమనండి, అందులో డిస్క్ మీది నంబరు, హ్యాష్ విలువ వేయమనండి, ఒక నకలు మీరు అడిగి తీసుకోండి. హ్యాష్ అంటే ఆ రికార్డుకు వేలిముద్ర వంటిది. లోపల ఒక్క క్షణం దృశ్యం మారినా ఆ ముద్ర మారిపోతుంది. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఇవ్వవలసిన ధ్రువపత్రంలో మీ సంతకం ఉంటుంది, చదవకుండా పెట్టవద్దు.

బెదిరింపుల నుంచి రక్షణ విషయంలో మీకు లేనిపోని ధైర్యం చెప్పలేను. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది, జిల్లా న్యాయమూర్తి అధ్యక్షతలోని కమిటీకి దరఖాస్తు పెట్టాలి, ముప్పు ఎంత ఉందో ఏసీపీ నివేదిక ఇవ్వాలి. కాని ఆ పథకం ముఖ్యంగా ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలకు. ప్రస్తుతం ఎఫ్ఐఆర్‌లో ఉన్నది నిర్లక్ష్యం వల్ల మరణం, న్యాయ సంహిత 106(1) సెక్షన్ అని రాశారు. దానికి గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. తాగి నడిపాడన్న సాక్ష్యంతో అది 105వ సెక్షన్‌కు, అంటే హత్య కిందికి రాని ప్రాణహరణ నేరానికి మారితే పథకం మీకు అందుతుంది. చిత్రమేమిటంటే, ఆ మార్పుకు ముందు మీ సాక్ష్యం కావాలి, మీ సాక్ష్యానికి ముందు రక్షణ కావాలి. ఈ మెలికను విప్పే దారి మీ వకీలు అర్జీలోనే రెండూ కలిపి అడగడం. ఈలోగా ఎవరైనా తప్పుడు సాక్ష్యం చెప్పమని బెదిరిస్తే, 232వ సెక్షన్ కింద అదే వేరే నేరం. తేదీ, గంట, అన్న మాటలు ఉప్పు పప్పు ఖాతా రాసే పుస్తకంలోనే రాసిపెట్టుకోండి.

ఈ దారి ఎంత పొడుగో కూడా తెలిసి అడుగు వేయండి. 1999 జనవరిలో ఢిల్లీలో ఒక మాజీ నౌకాదళాధిపతి మనవడు నడిపిన కారు కింద ముగ్గురు పోలీసులతో సహా ఆరుగురు చనిపోయారు. ఆ కేసులో సాక్షులు మాట మార్చారు, ఒక సాక్షిని లోబరుచుకునే ప్రయత్నంలో ఇద్దరు పేరున్న వకీళ్లు రహస్య కెమెరాకు చిక్కారు, వారిలో ఒకరి మీద కోర్టు ధిక్కార నేరం సుప్రీంకోర్టులోనూ నిలిచింది, సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చేసరికి 2012 వచ్చింది. మీ కేసు అంతకాలం సాగకపోవచ్చు. అయినా నాంపల్లిలోనో మరోచోటో వాయిదాకు పోయిన రోజు దుకాణం ఎవరు తెరుస్తారో మీరూ మీ ఇంటావిడా ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఆమె వద్దంటున్నది ఆ లెక్కలు వేసుకునే కావచ్చు, ఆమె మాటను భయమని కొట్టిపారేయకండి.

వాట్సాప్‌లో పెట్టేద్దామని పాప అన్నట్టు రాశారు. వద్దనే చెబుతాను. బేగంపేట కేసు కదిలింది నలుగురి కళ్ళలో పడ్డాకే కదా అని ఆమె వాదించవచ్చు, అందులో నిజం లేకపోలేదు. కాని ఆ దృశ్యంలో ఉన్నది ప్రాణం పోతున్న మనిషి. అది ఊరంతా తిరగడం ఆమె పిల్లలు చూడవలసిన సంగతి కాదు. కెమెరా ఏ కోణంలో ఉందో చూసినవాడికి అది ఎవరి దుకాణమో క్షణంలో తెలిసిపోతుంది, అప్పుడు మీ అర్జీ అందక ముందే మీ పేరు బయటపడుతుంది.

మీ తొమ్మిది పేజీల్లో ఒక్కసారే కనిపించిన మనిషి ఒకరున్నారు, ఆ యాభై రెండేళ్ల డ్రైవరు. ఆయన ఎంతకు ఒప్పుకున్నారో, ఏమని ఒప్పించారో మనకు తెలియదు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో ఆయన మీద రుజువుగా చెల్లదు గాని, కోర్టు ముందే మారు మాట్లాడకుండా నేరం ఒప్పుకుంటే శిక్ష పడుతుంది. 14వ అధికరణంలోని "చట్టాల సమాన రక్షణ" అన్న రెండో మాట ఆయనకు కూడా వర్తించాలి. ఆ తెల్లవారుజామున ఆయన అక్కడ లేరని తెలిసిన మనిషి, ఆ ఇంటివాళ్ళను మినహాయిస్తే, మీరే.

మీరు ఉత్తరంతో పాటు పంపిన పెన్ డ్రైవ్‌ను మేము తెరవలేదు. ఎవరెవరి చేతులు మారిందన్న ప్రశ్న రేపు రాకూడదు కనుక, మీరు అంటించిన కవరులోనే, మీ చెల్లెలి ఇంటి చిరునామాకు రిజిస్టరు పోస్టులో తిప్పి పంపాము.